చెల్లని కాపురం

నేను దైవశాస్త్రంలో డిగ్రీకి చేరింది దేవుడి మీద ప్రేమతో కాదు, కోపంతో. కాన్వెంటు బడిలో నీతిబోధ టీచరుగా నిలవాలంటే ఆ డిగ్రీ కావాలన్నారని పైకి చెప్పేదాన్ని. అదీ అబద్ధం కాదు. కానీ అసలు సంగతి మా అమ్మ. ఆదివారం పూజలో అందరూ లేచి వరుసగా సత్ప్రసాదం, అంటే ఫాదర్ నోట్లో పెట్టే అప్పం, తీసుకోవడానికి పోతుంటే మా అమ్మ మాత్రం కూర్చునే ఉండేది. ఎందుకని అడిగితే ఎవరూ సరిగా చెప్పలేదు. చదివి తెలుసుకుందామనుకున్నాను. తెలిశాక, తెలియని రోజులే నయమనిపించింది.

అమ్మ పుట్టుకతో కథోలికురాలు. బాపు కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. శివరాత్రికి ఉపవాసం, మిగతా రోజులకు మంచి ఆకలి ఉన్న హిందువు. అమ్మ ఆ వాడకు నూలు కండెలు చుట్టే పనికి వచ్చి ఆయనకు దొరికింది, లేదా ఆయనే ఆమెకు దొరికాడు. ఎవరు ఎవరికి దొరికారన్న తగాదా వాళ్ళ మధ్య చివరిదాకా తేలలేదు. రెండు వైపులా పెద్దలు మొహం చాటేస్తే, బాపు తన దోస్తులను వెంటబెట్టుకుని గుళ్ళో పసుపుతాడు కట్టాడు. చర్చి అనుమతి లేకపోతే చర్చి లెక్కలో ఆ పెళ్ళి చెల్లదని వాళ్ళకు తెలియదు. చెప్పినవాళ్ళూ లేరు. తర్వాత నేను పుట్టి, నాకు జ్ఞానస్నానం ఇప్పిస్తానని అమ్మ అడిగితే, "నీళ్ళే గదా, పోయించు" అన్నాడట.

పెళ్ళయ్యాక వచ్చిన మొదటి ఆదివారం అమ్మ ఎప్పటిలాగే వరుసలో నిలబడింది. మా ఉపదేశి ఉన్నాడు. ఫాదర్ లేనప్పుడు ప్రార్థనలు నడపడం, ఉన్నప్పుడు ఆయన చెవిలో అందరి సంగతులూ ఊదడం ఆయన పని. ఆయన వచ్చి అమ్మ మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. "గుళ్ళె తాడు కట్టించుకున్నోళ్ళకు ఈడ పెట్టరు" అన్నాడు. మెల్లగా అనలేదు. కొత్త చీరలో ఉన్న పెళ్ళికూతురు అందరి ముందూ వెనక్కి నడిచి వచ్చి కూర్చుంది. ఆ తర్వాత ఆమె మళ్ళీ లేవలేదు.

కూర్చునేది దేని మీదనుకున్నారు? బాపు నేసిన జంపఖానాల మీదే. చర్చి నేలంతా అవే. అంతేకాదు, బలిపీఠం మీద పరిచే తెల్ల గుడ్డలను ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసేది కూడా అమ్మే. ఆ పనికి ఆమె చేతులు పనికొస్తాయి. నోరు మాత్రం పనికిరాదు. బాపుకు ఈ సంగతులేవీ తెలియవు. ఆయన చర్చి గుమ్మం తొక్కేది క్రిస్మస్‌నాడు ఒక్కపూట, అదీ బిర్యానీ వేళకు.

మా తరగతులు హనుమకొండలో. క్లాసులో అందరూ బ్రదర్లు, సిస్టర్లు. మామూలు చుడీదార్ వేసుకుని కూర్చునేది నేనొక్కదాన్నే. నీతిశాస్త్రం చెప్పే ఫాదర్ విదేశంలో చదివి వచ్చినవాడు, తెలివైనవాడు, ఆ తెలివిని ఎవరి మీద పరీక్షిద్దామా అని చూసేవాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా. ప్రతి శుక్రవారం ఆయన ఒక 'కేసు' పెట్టేవాడు. ఎవరిదో కష్టం పేరు తీసేసి బోర్డు మీద రాస్తాడు. ఒకరు పాపం చెప్పుకోవడానికి వచ్చినట్టు మోకాళ్ళ మీద కూర్చోవాలి. ఒక బ్రదర్ ఆ పాపం వినే ఫాదర్‌లా కుర్చీలో కూర్చుని తీర్పు చెప్పాలి. మిగిలినవాళ్ళు ఆ తీర్పులో తప్పులు పట్టాలి. గుడుంబా అమ్మి కూతురిని నర్సింగ్ చదివించిన తల్లి, రెండు పార్టీలకూ మాటిచ్చి మూడోవాడికి ఓటేసిన పెద్దమనిషి, ఇలా వారానికొకరు మా నోళ్ళలో పడి నలిగేవారు. నిజం చెప్పాలంటే నాకూ సరదాగానే ఉండేది. మన ఇంటి కష్టం కానంతసేపు నీతిశాస్త్రం చాలా రుచిగా ఉంటుంది.

ఒక శుక్రవారం బోర్డు మీద మా అమ్మ కనిపించింది. కథోలిక స్త్రీ, హిందూ పురుషుడు, గుడిలో తాళి, పిల్లలు, ఏళ్ళ తరబడి కాపురం, ఇప్పుడు సత్ప్రసాదం కోరుతోంది. మా ఇంటి సంగతి ఆయనకు తెలియదు. ఇలాంటి ఆడవాళ్ళు ఊరూరా ఉన్నారు, అందుకే అది పాఠం అయింది. మోకాళ్ళ మీద కూర్చోవడానికి ఎవరా అని క్లాసంతా చూసి, "నువ్వు రామ్మా, ఈ వేషానికి నువ్వే సరిపోతావు" అని నన్ను పిలిచాడు.

వెళ్ళి కూర్చున్నాను. కుర్చీలో ఉన్న బ్రదర్ మీసాలు కూడా సరిగా రాని పిల్లవాడు. గొంతు సవరించుకుని, అతన్ని విడిచిపెట్టగలవా అని అడిగాడు. లేదన్నాను. పోనీ ఒకే ఇంట్లో ఉంటూ అన్నాచెల్లెళ్ళలా బతకగలరా, వేర్వేరు గదుల్లో పడుకోగలరా అన్నాడు.

"ఇంట్లో ఉన్నదే ఒక గది, ఫాదర్. అందులో సగం మగ్గం" అన్నాను.

క్లాసు గొల్లుమంది. ముందు బెంచీ సిస్టర్లు నోటికి చేతిరుమాళ్ళు అడ్డం పెట్టుకున్నారు. బాగా నటించానని తర్వాత ఒకామె మెచ్చుకుంది కూడా. అన్నాచెల్లెళ్ళ తీర్పు చెప్పినందుకు ఫాదర్ ఆ బ్రదర్‌ను శభాష్ అన్నాడు. మోకాళ్ళ కింద సిమెంటు గచ్చు గుచ్చుకుంటోంది. ఆ పిల్లవాడి చెంప పగలగొట్టాలనిపించింది. అతని తప్పేం లేదు, పుస్తకంలో ఉన్నది చెప్పాడు.

గంట కొట్టే ముందు ఫాదర్ ఇంకొక మాట చెప్పాడు. మరో దారి కూడా ఉందట. పెళ్ళిని మూలంలోనే మాన్పడం అంటారట దాన్ని. మళ్ళీ తాళి కట్టనక్కర్లేదు, భర్త మతం మారనక్కర్లేదు. ఆ పెళ్ళికి ఇద్దరి మనసూ ఇప్పటికీ ఒప్పుకుని ఉంటే చాలు, బిషప్‌గారు తలుచుకుంటే అది మొదటి రోజు నుంచీ చెల్లిన పెళ్ళి అయిపోతుంది. ఆమె ఆ మరుసటి పూజలోనే సత్ప్రసాదం తీసుకోవచ్చు.

నేను నిలబడి, ఈ సంగతి ఆ ఆడవాళ్ళకు ఎవరు చెప్తారని అడిగాను.

"చెప్పం" అన్నాడు ఆయన, సుద్దపొడి అంటిన చేతులు దులుపుకుంటూ. "చెప్తే అందరూ ముందు గుళ్ళో కట్టుకుని ఆ తర్వాత మన దగ్గరికి వస్తారు."

అందరూ అది కూడా రాసుకున్నారు. పరీక్షకు వస్తుందేమోనని నేనూ రాసుకున్నాను. బస్సులో మట్టెవాడ దాటేదాకా నాకు ఏడుపు రాలేదు. వచ్చాక ఆగలేదు. మా అమ్మ జబ్బుకు మందు లేదనుకుని ఇన్నేళ్ళూ ఊరుకున్నాం. మందు ఉంది. బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నడుముకు కట్టుకుని తిరుగుతున్నారు.

మరునాడే మా విచారణ ఫాదర్, అంటే మా చర్చిని చూసుకునే ఫాదర్, దగ్గరికి వెళ్ళాను. ఆయన పడుచువాడు, మెత్తనివాడు. ఆ దారి ఆయనకూ తెలుసు. మీ అమ్మ ఎన్నడూ అడగలేదు కదా అన్నాడు. ఉందని తెలిస్తే కదా అడిగేది అన్నాను. దానికి సరేనని ఒప్పుకున్నాడు. అయితే ఆ పెళ్ళికి ఇప్పటికీ ఒప్పుకుంటున్నానన్న మాట బాపు నోటితో తానే వినాలని, అది విన్నాక పైకి, బిషప్‌గారికి పంపుతానని చెప్పాడు. ఆ రోజు అమ్మకు చెప్తే, పొయ్యి ముందు నుంచి లేవకుండా "నిజమేనా" అని రెండుసార్లు అడిగింది. ఇల్లు అలకగానే పండుగ కాదని నాకు తోచలేదు.

ఫాదర్ మా ఇంటికి వచ్చేసరికి బాపు మగ్గం మీద ఉన్నాడు. అప్పటికే దూది దుమ్ముకు ఊపిరితిత్తులు పాడై, రెండు మాటలకొకసారి దగ్గుతూ పని చేసేవాడు. ఏం అడగడానికి వస్తున్నారో ఆయనకు ముందే చెప్దామంటే అమ్మ నన్ను చెప్పనివ్వలేదు. ఒక్క మాటే కదా, ఔనంటాడు, అయిపోతుంది, పాత గొడవలన్నీ ఎందుకంది. ఫాదర్ అమ్మ ఇచ్చిన చాయ్ తాగాడు, ఎండల గురించి మాట్లాడాడు, తర్వాత పుస్తకం చదివినట్టు అడిగాడు.

"ఈమెను మీ భార్యగా ఇప్పటికీ అంగీకరిస్తున్నారా?"

బాపు చేతిలో పంజా ఉంది. నూలును కొట్టి బిగించే ఇనుప దువ్వెన అది, బరువుగా ఉంటుంది. దాన్ని కింద పెట్టి లేచాడు.

"ఏమన్నవ్ సారూ? నా ఇంట్ల కూసోని, నా పెండ్లాన్ని నా పెండ్లామేనా అని అడుగుతానవా?"

ఫాదర్ ఏదో సర్దిచెప్పబోయాడు. బాపు వినలేదు. మా వాడలో ఒక మగవాడిని ఆ మాట అడిగారంటే, ఆ ఇల్లాలి మీద ఎవరో ఏదో అన్నారనే అర్థం. ఇంకే అర్థమూ లేదు. ఆమె గురించి ఎవడు ఏం కూశాడో చెప్పమని నిలదీశాడు. ఎవరి పెళ్ళి ఏందో చెప్పడానికి నువ్వెవరివన్నాడు. దగ్గు తెర వచ్చి మాట ఆగిపోతే చేత్తోనే గుమ్మం చూపించాడు. ఫాదర్ మొహం ఎర్రబడింది. వాకిట్లో నాతో, "ఆయన సహకారం లేదమ్మా. ఇలాగైతే నేను పైకి ఏం పంపను?" అని బండి ఎక్కి వెళ్ళిపోయాడు. భార్య పరువు కాపాడుతున్నాననుకుని బాపు ఆమెకు అందబోయిన ముద్దను నేలపాలు చేశాడు. అలాంటి తప్పు మా బాపు లాంటి మనిషే చేయగలడు.

ఇక నేను ఊరుకోలేదు. అమ్మ వద్దు వద్దని కళ్ళతో బతిమాలుతున్నా మొత్తం చెప్పేశాను. ఉపదేశి మోచెయ్యి పట్టి లాగింది, అప్పటినుంచీ ఆమె కూర్చున్నచోటి నుంచి లేవనిది, ఎవరివల్ల లేవనిది. అనవసరంగా గట్టిగా చెప్పాను. బాపు నా వైపు చూడలేదు, అమ్మనే చూశాడు.

"గిన్నేండ్ల సంది నాకెందుకు చెప్పలే?"

"చెప్తే పోయి కొట్లాడేటోనివి."

"కొట్లాడుదును."

"అందుకే చెప్పలే."

బాపు మళ్ళీ మగ్గం ఎక్కాడు కానీ పని సాగలేదు. ఆమె కూర్చునే జంపఖానా ఏదని, ఎర్ర చారలదా నీలం చారలదా అని అడిగాడు. నీలం అంది అమ్మ. "ఒప్పుకుంటాన అని చెప్తే అయిపోతదా? గంతేనా?" అన్నాడు. అంతే అన్నాను. "గా మాటేదో ముందుగాల చెప్తే నేను వద్దంటనా బిడ్డా" అన్నాడు. ఆయన గొంతు అలా చిన్నబోవడం నేనెప్పుడూ వినలేదు.

మర్నాడు పొద్దున్నే, ఉతికిన చొక్కా వేసుకుని, మమ్మల్నెవరినీ పిలవకుండా చర్చికి వెళ్ళాడు. ఫాదర్ లేడు. ఏడాదికోసారి ఫాదర్లంతా ఒకచోట మౌనంగా ధ్యానం చేసుకునే రోజులవి, అక్కడికి వెళ్ళాడు. ఉపదేశి ముసలివాడయ్యాడు కానీ నోరు ముసలిది కాలేదు. ధ్యానం అయ్యాక రమ్మని, వచ్చేటప్పుడు దరఖాస్తు రాయించుకుని రమ్మని చెప్పాడట. బాపు అయినా వరండాలో చాలాసేపు కూర్చుని, ఊపిరి అందక ఆగుతూ ఆగుతూ ఇంటికి వచ్చాడు.

"నిన్ను ఇంకోపాలి పెండ్లి చేసుకుందామని పోయిన. అయ్యగారు ఊర్లె లేడు" అన్నాడు అమ్మతో.

అమ్మ నవ్వింది. ముసలోడికి దసరా పండుగ అని ఎకసెక్కమాడింది కూడా. ఆ వారంలోనే ఆయన్ని దవాఖానలో పడేయాల్సి వచ్చింది.

ఫాదర్ ఫోను మోగి మోగి ఆగిపోయేది. మౌన ధ్యానంలో ఫోను ఎత్తరు. మా నీతిశాస్త్రం ఫాదర్‌కు చేశాను, అప్పుడుగానీ ఆ కేసు మా అమ్మదేనని ఆయనకు చెప్పలేదు. మా విచారణ ఫాదర్ వచ్చేదాకా ఆగమని, తొందరపడవద్దని, దేవుడే ఏదో దారి చూపిస్తాడని అన్నాడు. ఆ దారి ఏమిటో నాకు తెలుసు. నోట్సులో ఉంది. మరణంతో వివాహబంధం ముగుస్తుంది, అడ్డంకీ ముగుస్తుంది. బాపు పోతే అమ్మకు సత్ప్రసాదం దొరుకుతుంది. ఆయన మంచం పక్కన కూర్చుని ఆ వాక్యాన్ని తలుచుకున్నదాన్ని నేను. నా చదువు మీద అంత అసహ్యం నాకు ఎన్నడూ కలగలేదు.

బాపు మాత్రం తన మాట తాను చెప్తూనే ఉన్నాడు. ఇంజక్షన్ ఇచ్చే నర్సుకు, నేల తుడిచే ఆయమ్మకు, పక్క మంచం ముసలాయనకు, ముక్కుకు పెట్టిన గొట్టం పక్కకు జరుపుకుని మరీ చెప్పాడు. "ఈమె నా పెండ్లాం. నేను ఒప్పుకుంటాన. ఎవలన్న రాసుకోండ్రి." జ్వరంలో ఏదో అంటున్నాడని నర్సు గొట్టం మళ్ళీ సర్దింది. రాసుకున్నవాళ్ళు లేరు. విన్నవాళ్ళలో చర్చి మనిషి లేడు. తెల్లవారి డాక్టర్లు వార్డు చుట్టి వచ్చేలోపే ఆయన పోయాడు.

అప్పుడు దిగారు మా మేనత్తలు. పెళ్ళికి రానివాళ్ళు, నేను పుడితే చూడనివాళ్ళు. చచ్చినవాడి కళ్ళు చారెడు, వాళ్ళ తమ్ముడంత మంచివాడు వరంగల్‌లోనే లేడన్నారు. పదోనాడు అమ్మను పీట మీద కూర్చోబెట్టారు. నిండా బొట్టు పెట్టి తుడిచారు. కాలి మెట్టెలు తీశారు. గాజులు పగలగొడుతుంటే ఒక పెంకు మణికట్టులో దిగింది, రక్తం కారింది. వద్దని నేను అడ్డం పోతే పెద్ద మేనత్త నన్ను పక్కకు నెట్టి, "కట్టుకున్నోడు పోయినంక తియ్యకపోతే ఎట్ల? అది వాని పెండ్లాం గాదా?" అంది. ఏళ్ళ తరబడి ఏనాడూ అనని మాట. ఆమెను ముండమోయించడానికి గుర్తొచ్చింది. అమ్మ అరవలేదు, ఆపలేదు. చేతులు చాచి కూర్చుంది.

ఫాదర్ ఆ తర్వాత వచ్చాడు. బత్తాయిలు తెచ్చాడు. ఆయన నిజంగానే బాధపడ్డాడు, అది నాకు కనిపించింది, అదే ఇంకా మంటగా ఉంది. బాపు తన కోసం వరండాలో కూర్చుని వెళ్ళిన సంగతి తెలిసి తల వంచుకున్నాడు. ప్రార్థన చెప్పాడు. తర్వాత, మంచి కబురు చెప్పేవాడిలా మెల్లగా ముందుకు వంగి, ఇక ఏ అడ్డూ లేదమ్మా అన్నాడు. పాపసంకీర్తనం చేసుకుని, అంటే తన దగ్గర పాపం చెప్పుకుని, ఇన్నాళ్ళూ చెల్లని కాపురం చేసినందుకు పశ్చాత్తాపపడితే చాలు, ఆదివారం నుంచి సత్ప్రసాదానికి రావచ్చు.

అమ్మ, ఆ పైకి పంపుతామన్న మాట ఇప్పుడు పంపరాదా అని అడిగింది. ఆయన ఒప్పుకున్నాడు కదా, దవాఖానలో అందరూ విన్నారు, కావాలంటే ఆ నర్సును తీసుకొస్తానంది. ఫాదర్ ఓపికగా వివరించాడు. బతికున్న ఇద్దరి మనసు ఉంటేనే అది కుదురుతుంది. ఆయన పోయాడు కాబట్టి ఇప్పుడు మాన్పడానికి ఏమీ లేదు. చర్చి లెక్కలో ఆ పెళ్ళి ఎప్పుడూ జరగలేదు, ఇక జరగదు కూడా. ఒక్క ముక్క తప్పు చెప్పలేదు ఆయన. నేను చదివిందీ అదే.

అమ్మ కట్టు కట్టిన చెయ్యి చాపి ఆయన ముందు పెట్టింది.

"పెండ్లే కాలేదంటానవు. మరి నా గాజులు ఎవని కోసం పలగ్గొట్టిండ్రు, ఫాదర్?"

ఫాదర్ ఆ చెయ్యి వైపు చూసి, నా వైపు చూశాడు. నువ్వు చదువుకున్నావు కదమ్మా, అమ్మకు అర్థమయ్యేలా చెప్పు అన్నాడు. అమ్మ కూడా నా వైపు తిరిగింది.

"చెప్పు బిడ్డా. నేను ఎవని పెండ్లాన్ని?"

"బాపు పెండ్లానివే" అన్నాను. ఆ జవాబు రాస్తే నా డిగ్రీలో సున్నా వేస్తారు.

అమ్మ తల ఊపి, ఫాదర్‌కు చేతులు జోడించింది. ఆయన్ను కట్టుకున్నందుకు తప్పయిందని చెప్తేనే పెడతామంటే ఆ ముద్ద తనకు అక్కర్లేదని, నెమ్మదిగా, కోపం లేకుండా చెప్పింది. బలిపీఠం గుడ్డలు మాత్రం ఉతకడానికి పంపమంది. ఆ ఆదివారం ఆమె సత్ప్రసాదానికి లేవలేదు. ఇప్పటికీ లేవడం లేదు.